సీసా ఒక మాట, అమ్మీటరు ఒక మాట: బండికి కట్టే హైడ్రోజన్ కిట్టు లెక్క

ఒకే కిట్టు, ఒకే కరెంటు, 10 ఆంపియర్లు. లీకులేవీ లేవనుకుందాం. తీరం దగ్గరి ఇచ్ఛాపురంలో లీటరు సీసా గ్యాసుతో నిండడానికి లెక్క ప్రకారం 83 సెకన్లు పట్టాలి. అదే కిట్టును ఒడిశా కొండల మీది కోరాపుట్ తీసుకెళ్లి, అదే సీసాతో, అదే 30 డిగ్రీల ఎండలో కొలిస్తే 74 సెకన్లకే నిండిపోతుంది. కొండెక్కగానే కిట్టుకు బలం వచ్చిందనుకునేరు. గ్యాసు ఒక్క అణువు కూడా ఎక్కువ పుట్టలేదు. కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి పదో వంతు తక్కువ. ఒత్తిడి తగ్గితే అదే గ్యాసు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అంతే.

బండి ఇంజనుకు నీళ్ల గ్యాసు కలిపితే మైలేజీ పెరుగుతుందని చెప్పి అమ్మే కిట్ల చుట్టూ తిరిగే తగాదాల్లో సగం ఇలాంటివే. ఎక్కడ కొలిచారో, ఎంత వేడి దగ్గర కొలిచారో చెప్పకుండా 'నిమిషానికి లీటరున్నర' అంటారు. ఆంధ్ర కన్నా ఒడిశాలో డీజిలు చౌకని సరిహద్దు దాటి మరీ ట్యాంకు నింపుకునే మన ప్రాంతంలో, లీటరుకు రెండు కిలోమీటర్లు అదనంగా వస్తాయంటే చెవి ఒగ్గని డ్రైవరు ఉండడు. అందుకే కిట్టు కట్టుకునే ముందే లెక్క కట్టాలి.

అసలు ఏం జరుగుతుంది

కాస్టిక్ కలిపిన నీటిలో స్టీలు ప్లేట్లు ముంచి బ్యాటరీ కరెంటు పంపితే నీరు విడిపోతుంది. రెండు పాళ్లు హైడ్రోజన్, ఒక పాలు ఆక్సిజన్ వస్తాయి. రెండింటినీ వేరు చేయకుండా ఒకే గొట్టంలోంచి ఇంజను గాలి దారిలోకి వదులుతారు. ఈ మిశ్రమాన్నే హెచ్‌హెచ్‌ఓ అనీ, బ్రౌన్ గ్యాస్ అనీ అంటారు. పేరు ఏదైనా అది మామూలు హైడ్రోజనూ ఆక్సిజనే. వేరే మహిమ గల గ్యాసు కాదు.

ఎంత గ్యాసు వస్తుందో మైకేల్ ఫారడే 1830లలోనే తేల్చాడు. ప్లేట్ల సైజు, వోల్టేజి, పల్సుల ఫ్రీక్వెన్సీ ఏవైనా సరే, గ్యాసు పరిమాణం దాటిన కరెంటును బట్టే ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర, సముద్రమట్టపు ఒత్తిడిలో, ఒక సెల్లులో ఒక ఆంపియరు ఒక నిమిషం పారితే 11.6 మిల్లీలీటర్ల పొడి గ్యాసు వస్తుంది. అందులో హైడ్రోజన్ 7.7, మిగిలింది ఆక్సిజన్. నీటి మీదుగా కొలిచే గ్యాసులో తేమ కూడా కలుస్తుంది కాబట్టి సీసాలో 12.1 కనిపిస్తుంది. కోరాపుట్ ఒత్తిడిలో అదే 13.5. ఈ మూడు అంకెలూ గోడ మీద రాసి పెట్టుకుంటే చాలు, కిట్టు గురించి ఎవరేం చెప్పినా అక్కడే తేలిపోతుంది.

ఇక్కడ సెల్లు అంటే డబ్బా కాదు, రెండు ప్లేట్ల మధ్య సందు. బ్యాటరీ ప్లస్ తగిలే ప్లేటు ఒకటి, మైనస్ తగిలేది ఒకటి, వాటి మధ్య వైరు తగలని న్యూట్రల్ ప్లేట్లు ఐదు పెడితే మొత్తం ఏడు ప్లేట్లు, ఆరు సందులు. ఒకే కరెంటు ఆరు సందుల్లోంచీ దాటుతుంది కాబట్టి ఆరు రెట్లు గ్యాసు ఇస్తుంది. 10 ఆంపియర్లకు 6 × 10 × 11.6, అంటే నిమిషానికి దాదాపు 700 మిల్లీలీటర్లు పొడి గ్యాసు.

ఎన్ని ప్లేట్లు, ఏ స్టీలు

ఇంజను నడుస్తున్నప్పుడు 12 వోల్టుల బండిలో దొరికేది 13.8 నుంచి 14.4 వోల్టులు. ఆరు సెల్లులకు పంచితే ఒక్కోదానికి 2.3 వోల్టులు. ఏడు చేస్తే 2 వోల్టుల దగ్గరికి వస్తుంది. వేడి తగ్గుతుంది గానీ కాస్టిక్ పాలు పెంచకపోతే కరెంటు సరిగా లాగదు. సెల్లులు ఐదే పెడితే ఒక్కోదానికి 2.8 వోల్టులు పడి అరగంటలో డబ్బా కాగిపోతుంది. ఎందుకంటే నీటిని విడగొట్టడానికి వేడి లెక్కతో సహా కావలసింది 1.48 వోల్టులే. అంతకు మించిన ప్రతి వోల్టూ నీళ్లు కాచడానికే పోతుంది. 24 వోల్టుల లారీకి 13 లేదా 14 సెల్లులు సరిపోతాయి.

ప్లేటుకు 316 ఎల్ రకం స్టీలు, 1 మిల్లీమీటరు మందం. పాత్రల దుకాణంలో దొరికే మామూలు స్టీలు నెలల్లో గోధుమరంగు బురద వదులుతుంది. గరుకు కాగితంతో అడ్డంగా, నిలువుగా గీరి వేస్తే బుడగలు త్వరగా వదులుతాయి. ప్లేట్ల మధ్య 2–3 మిల్లీమీటర్ల ఈపీడీఎం రబ్బరు గ్యాస్కెట్ వేయాలి. మామూలు ట్యూబు రబ్బరు కాస్టిక్‌కు, వేడికి ఎక్కువ కాలం నిలవదు. చదరపు సెంటీమీటరుకు 0.08 ఆంపియరు దాటకుండా చూసుకోవాలి. 10 ఆంపియర్లకు నీటిలో తడిసే భాగం 10 × 13 సెంటీమీటర్లు ఉంటే సరి.

ప్లేట్లను ఊరికే డబ్బాలో ముంచేసిన మోడల్లో కరెంటు కొంత ప్లేట్ల అంచుల చుట్టూ తిరిగి, న్యూట్రల్ ప్లేట్లను వదిలేసి పోతుంది. అమ్మీటరు 10 చూపిస్తుంది, గ్యాసు 7 ఆంపియర్లకే వస్తుంది. గ్యాస్కెట్లతో బిగించిన డ్రై సెల్ అనే మోడల్ దీనికోసమే పుట్టింది. అందులో కూడా నీరు పారే రంధ్రాలు పెద్దవైతే ఇదే జబ్బు.

కాస్టిక్ జాగ్రత్తలు

కాస్టిక్ పొటాష్ మేలు, దొరక్కపోతే కాస్టిక్ సోడా. లీటరు డిస్టిల్డ్ వాటరుకు 20 గ్రాములతో మొదలుపెట్టి, కరెంటు చూసుకుంటూ పెంచాలి. నీటిలో కాస్టిక్ వేయాలి గానీ కాస్టిక్ మీద నీరు పోయకూడదు. మన ఇళ్లలో సిల్వర్ గిన్నె అని పిలిచే అల్యూమినియం పాత్రలో కలిపితే ఆ పాత్రే కరుగుతూ హైడ్రోజన్ వదులుతుంది. ప్లాస్టిక్ బకెట్టో స్టీలు గిన్నో వాడాలి. కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు లేకుండా మొదలుపెట్టొద్దు. ఒంటి మీద పడితే పారే నీటితో చాలాసేపు కడగాలి.

ఉప్పు వేస్తే క్లోరిన్ వస్తుంది, ప్లేట్లను తినేస్తుంది. వంటసోడా వేస్తే గ్యాసులో కార్బన్ డయాక్సైడ్ కలిసి సీసా త్వరగా నిండుతుంది, మండేది మాత్రం తక్కువ. బ్యాటరీ యాసిడ్ స్టీలును కరిగిస్తుంది. బోరు నీళ్లయితే ప్లేట్ల మీద తెల్లగా సున్నం పడుతుంది. ఉప్పు, సోడాలతో నడిచిన సెల్లులో మిగిలే పసుపు, గోధుమరంగు నీటిలో స్టీలులోంచి వచ్చిన క్రోమియం విషపు రూపంలో ఉండొచ్చు. దాన్ని చేలగట్టు కాలవలోనో, షెడ్డు వెనక బావి దగ్గరో పారబోయడం పెద్ద తప్పు.

కరెంటు ఎలా ఇవ్వాలి

బ్యాటరీ ప్లస్ నుంచి మొదట ఫ్యూజు, అదీ బ్యాటరీకి జానెడు దూరంలోనే. 10 ఆంపియర్ల కిట్టుకు 15 ఆంపియర్ల ఫ్యూజు చాలు. 30 వేస్తే అది ఫ్యూజు కాదు, వైరు ముక్క. ఆ తర్వాత 30 లేదా 40 ఆంపియర్ల ఆటో రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు. ఫ్యూజు నుంచి వచ్చే వైరు 30 నంబరు కాలికి, సెల్లుకు పోయేది 87కి, కాయిల్ రెండు కొసలూ 85, 86కి. వైరు 4 చదరపు మిల్లీమీటర్లది వాడితే, రానూ పోనూ ఆరు మీటర్లకు 10 ఆంపియర్ల దగ్గర పోయేది 0.3 వోల్టు లోపే. 2.5 వాడితే అరవోల్టు దాకా పోతుంది.

రిలే కాయిల్‌ను దేనికి కలపాలన్నదే ప్రాణం మీదికి తెచ్చే ప్రశ్న. చాలామంది తాళం లైనుకు కలిపేస్తారు. ఇంజను ఆపి, తాళం ఆన్‌లో ఉంచి పాటలు వింటూ కూర్చుంటే ఆరు నిమిషాల్లో నాలుగు లీటర్ల గ్యాసు ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో, ఇన్‌టేక్ గొట్టంలో నిండుతుంది. తర్వాత స్టార్ట్ చేసినప్పుడు చిన్న ఎదురు మంట చాలు, ఫిల్టరు డబ్బా ముక్కలవుతుంది. కాయిల్ ప్లస్ కొసను ఆల్టర్నేటరు మీద ఛార్జింగ్ లైటుకు పోయే తీగకు కలపాలి, మెకానిక్కులు దాన్ని డి-ప్లస్ అంటారు. ఇంజను తిరిగితేనే అక్కడ పూర్తి వోల్టేజి వస్తుంది. ఆ తీగ లేని కొత్త బళ్లలో ఆయిల్ ప్రెషరు స్విచ్చు వాడొచ్చు గానీ, అది ప్రెషరు లేనప్పుడు మూసుకుని ఉండే స్విచ్చని గుర్తుంచుకోవాలి. తిరగేసి కలిపితే ఇంజను ఆగినప్పుడే కిట్టు పనిచేస్తుంది!

రెండో జబ్బు వేడి. నీరు వేడెక్కే కొద్దీ దాని వాహకత డిగ్రీకి దాదాపు 2 శాతం పెరుగుతుంది. కరెంటు పెరిగితే ఇంకా వేడి, ఇంకా వేడికి ఇంకా కరెంటు. చలికాలం పొద్దున్నే కోరాపుట్‌లో 6 ఆంపియర్లు లాగిన కిట్టు మధ్యాహ్నానికి పదిహేను దాటొచ్చు. కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ సగటున ఒకే అంకె దగ్గర పట్టి ఉంచే పీడబ్ల్యూఎం కంట్రోలరు పెట్టడం దీనికి మందు. దాని పని అంతవరకే. ఫలానా ఫ్రీక్వెన్సీ దగ్గర నీరు తనంతట తనే చీలిపోతుందన్న కథలు నమ్మొద్దు. నీటితోనే కారు నడుపుతానన్న అమెరికా వాసి స్టాన్లీ మేయర్ వ్యవహారాన్ని 1996లో ఒహాయో కోర్టు మోసమని తేల్చింది.

సెల్లుకీ ఇంజనుకీ మధ్య బబ్లర్ తప్పనిసరి. గ్యాసు కనీసం 10 సెంటీమీటర్ల నీటిలోంచి బుడగలుగా పైకి రావాలి. మంట వెనక్కి వస్తే నీటి దగ్గర ఆగుతుంది, కాస్టిక్ తుంపర ఇంజను అల్యూమినియం దాకా పోకుండా కూడా అదే ఆపుతుంది. బబ్లర్ మూత వదులుగా ఊడిపోయేలా ఉండాలి. గట్టి మూత పెట్టినవాడు బాంబు కట్టుకున్నట్టే.

సీసాతో కొలవడం

రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా తీసుకుని వంటింటి కాటా మీద పెట్టాలి.  నీళ్లతో పూర్తిగా నింపి తూకం వేస్తే మొత్తం ఎంత పడుతుందో తెలుస్తుంది. అందులోంచి ఒక కిలో నీరు తీసేసి, మూత బిగించి బోర్లించి, ఇప్పుడు నీరు ఎక్కడ నిలిచిందో అక్కడ మార్కరు గీత పెట్టాలి. ఆ గీత పైన చోటు సరిగ్గా లీటరు. లేబులు మీది అంకెను నమ్ముకోకూడదు, అంచుదాకా పోస్తే అంతకన్నా ఎక్కువే పడుతుంది. గాజు సీసా మాత్రం వద్దు.

సీసాను నిండా నింపి నీళ్ల టబ్బులో బోర్లించి, బబ్లర్ నుంచి వచ్చే గొట్టం కింద నుంచి లోపలికి పెట్టాలి. కిట్టు ఆన్ చేసిన వెంటనే కొలవొద్దు. డబ్బా వేడెక్కుతూ లోపలి గాలి వ్యాకోచించి బయటికి వచ్చేదీ గ్యాసులా లెక్కకెక్కుతుంది. కరెంటు, వేడి నిలకడ అయ్యాక, పావుగంట తర్వాత మొదలుపెట్టాలి. గీత దాకా నీరు దిగేసరికి ఎన్ని సెకన్లో మూడుసార్లు చూసి, ప్రతిసారీ ఆంపియర్లు, వోల్టులు, టబ్బు నీటి వేడి రాసుకోవాలి. లోపలి, బయటి నీటిమట్టాలు సమానంగా ఉండాలని పట్టుబట్టేవాళ్లున్నారు. నిజమే గానీ 10 సెంటీమీటర్ల తేడాకు వచ్చే తప్పు ఒక శాతమే. అసలు తప్పులు వేరేచోట ఉంటాయి.

మొదటిది ఆవిరి. 60 డిగ్రీల దగ్గర సెల్లులోంచి వచ్చే గ్యాసులో దాదాపు ఐదో వంతు నీటి ఆవిరే. దాన్ని చల్లార్చకుండా ఫ్లో మీటరులోకి పంపితే 30 డిగ్రీల పొడి గ్యాసు కన్నా మూడో వంతుకు పైగా ఎక్కువ కనిపిస్తుంది. సీసా పద్ధతిలో గ్యాసు చల్లటి నీటిలోంచి వస్తుంది కాబట్టి ఈ మోసం చాలావరకు పోతుంది. అందుకే ఖరీదైన మీటరు కన్నా టబ్బే నయం.

రెండోది ఫ్లో మీటరే. ఆసుపత్రి ఆక్సిజన్ సిలిండరుకు ఉండే, గాజు గొట్టంలో బంతి లేచే మీటరును చాలామంది వాడతారు. అది ఆక్సిజన్ బరువుకు గీతలు గీసినది. మన మిశ్రమం దానికన్నా చాలా తేలిక, 32కి 12. కాబట్టి బంతి తక్కువ లేస్తుంది. అసలు ప్రవాహం మీటరు అంకెకు దాదాపు 1.6 రెట్లు ఉంటుంది. ఆవిరి ఎక్కువ చూపిస్తుంది, బంతి తక్కువ చూపిస్తుంది. రెండూ కలిస్తే ఏ అంకె వచ్చినా నమ్మడానికి లేదు.

మూడోది అమ్మీటరు. చవక క్లాంప్ మీటర్లు చాలావరకు ఇంటి ఏసీ కరెంటునే కొలుస్తాయి. డీసీ కొలుస్తుందని స్పష్టంగా రాసి ఉన్నదే కావాలి, లేదా 50 ఆంపియర్ల షంట్ (అతి తక్కువ, తెలిసిన నిరోధం ఉన్న పట్టీ) వేసి దాని మీద మిల్లీవోల్టులు చూడాలి. పీడబ్ల్యూఎం ఉంటే సగటు కరెంటు చూపించే మీటరు కాకపోతే లెక్క అక్కడే చెడుతుంది.

ఇప్పుడు పోల్చండి. ఆరు సెల్లులు, 10 ఆంపియర్లు, ఇచ్ఛాపురం, 30 డిగ్రీలు: 83 సెకన్లు రావాలి. 90 వస్తే మంచి కిట్టు. 120 వస్తే గ్యాస్కెట్ దగ్గర సబ్బునీరు రాసి లీకు చూడండి, లేకపోతే కరెంటు రంధ్రాల్లోంచి పక్కదారి పడుతోంది. 60 వస్తే సంబరపడొద్దు. నురగ సీసాలోకి పోతోంది, లేదా ఆవిరి, లేదా మీటరు తప్పు. సీసా ఎప్పుడూ అమ్మీటరును మించి ఇవ్వలేదు.

అమ్మేవాళ్లు వాటుకు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు అన్న అంకె ఒకటి చెబుతారు. మన ఉదాహరణలో 700ని 138 వాట్లతో భాగిస్తే 5. సెల్లుకు 1.48 వోల్టులతోనే పని జరిగితే 7.8. బయటి వేడిని పీల్చుకుంటూ 1.23 వోల్టులతో నడిచినా 9.4 మించదు. పది, పన్నెండు అన్నవాడు ఆవిరి అమ్ముతున్నాడు.

కొలిచిన గ్యాసును ఆరుబయట, నిప్పుకూ స్విచ్చులకూ దూరంగా వెంటనే వదిలేయాలి. దాచిపెట్టకూడదు. లీటరు మిశ్రమం అంటుకుంటే మండదు, పేలుతుంది. చెవిపొర పోవడానికి అది చాలు.

ఇంజను దగ్గర అసలు లెక్క

నిమిషానికి 700 మిల్లీలీటర్లలో హైడ్రోజన్ 467. అది మండితే వచ్చే శక్తి 75 వాట్లకు సమానం. పుట్టించడానికి సెల్లు తిన్నది 138 వాట్లు, రెండు 55 వాట్ల హెడ్‌లైట్ల కన్నా ఎక్కువ. ఆల్టర్నేటరు సామర్థ్యం 55 శాతం అనుకుంటే ఇంజను షాఫ్టు మీద పడే భారం 250 వాట్లు. ఇంజను డీజిలులో నాలుగో వంతునే పనిగా మారుస్తుందనుకుంటే, ఆ 250 వాట్ల కోసం కాలే డీజిలు 1000 వాట్లు. వెయ్యి పెట్టి డెబ్బై అయిదు తెచ్చుకునే వ్యాపారం ఇది.

లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే పికప్పు 60 వేగంతో గంటకు 4 లీటర్లు తాగుతుంది, అంటే 40 కిలోవాట్ల ఇంధనం. అందులో మన 75 వాట్లు 0.2 శాతం. ఒకటిన్నర లీటర్ల డీజిలు ఇంజను 2000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి పన్నెండు వందల లీటర్లకు పైగా గాలి పీలుస్తుంది. అందులో అరలీటరు కూడా లేని హైడ్రోజన్ కలుస్తుంది.

హైడ్రోజన్ కలిపితే మంట త్వరగా పాకుతుందన్నది అబద్ధం కాదు. 1977లో నాసా పెట్రోలు ఇంజనులో హైడ్రోజన్ కలిపి చేసిన పరీక్షల నివేదికను కిట్లు అమ్మేవాళ్లు తరచూ చూపిస్తారు. కానీ అక్కడి హైడ్రోజన్ సొంత ఆల్టర్నేటరు కరెంటుతో నీటిలోంచి తీసింది కాదు. మన పికప్పులో ఇంధన శక్తిలో 5 శాతమైనా హైడ్రోజన్ ద్వారా రావాలంటే నిమిషానికి 18 లీటర్ల మిశ్రమం కావాలి, ఆరు సెల్లులకు 260 ఆంపియర్లకు పైగా. ఏ పికప్పు ఆల్టర్నేటరూ అది మోయదు.

ఇక కొత్త బళ్లలో ఎగ్జాస్టులోని ఆక్సిజన్ సెన్సరు అదనపు ఆక్సిజన్‌ను చూసి ఇంధనం తక్కువైందనుకుని మరింత కొడుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. దాన్ని మభ్యపెట్టే సర్క్యూట్లూ అమ్ముతారు. బీఎస్-6 బండిలో వాటితో చెలగాటమాడితే ఇంజను లైటు వెలుగుతుంది, వారంటీ పోయే ప్రమాదం ఉంది. అనుమతి లేని మార్పు అని ఇన్సూరెన్సు క్లెయిము దగ్గర పేచీ కూడా రావచ్చు.

మరి మైలేజీ పెరిగిందనేవాళ్లు? అందరూ అబద్ధాలు చెప్పడం లేదు. కిట్టు బిగించేటప్పుడే ఎయిర్ ఫిల్టరు మారుస్తారు, టైర్లకు గాలి కొట్టిస్తారు. డబ్బు పెట్టాం కదా అని యాక్సిలరేటరు మెల్లగా తొక్కుతారు. సాలూరు నుంచి ఘాట్ ఎక్కిన ట్రిప్పునీ, కోరాపుట్ నుంచి దిగిన ట్రిప్పునీ కలగాపులగం చేస్తారు. ఒకసారి ఒడిశా బంకులో, ఒకసారి ఆంధ్ర బంకులో ట్యాంకు నింపుతారు. నాజిల్ ఒక్కోచోట ఒక్కోలా ఆగితే లీటరు, రెండు లీటర్ల తేడా ఇట్టే వస్తుంది.

తేల్చుకోవాలంటే సీటు కింద డ్రైవరుకు కనబడని స్విచ్చు ఒకటి పెట్టండి. షెడ్డులో ఎవరో ఒకరు ప్రతి ట్యాంకుకు నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఆన్, బొరుసు పడితే ఆఫ్ చేసి పుస్తకంలో రాసుకోవాలి. డ్రైవరుకు చెప్పకూడదు. ఒకే బంకు, ఒకే పంపు, ఒకే నాజిల్, రానూపోనూ ఒకే రూటు, దాదాపు ఒకే లోడు. కనీసం పది ట్యాంకులయ్యాక ఆ పుస్తకాన్నీ, డ్రైవరు కిలోమీటర్లు, డీజిలు రాసుకున్న పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి.